హాబ్ తోపుకి ఇరవైమూడు సీసాలు

మార్చి 9, ఆదివారం

హాబ్ తోపు గేటుకు తాళం వేశారు.

ఇంకా కోపం తగ్గకుండానే రాస్తున్నాను. నా పిడికిలంత తాళం, కొత్త గొలుసు. ఎనిమిదిన్నరకి రోజూలాగే నేనూ మా కుక్క కర్నలూ వెళ్లాం. కర్నల్ గేటు ముందు కూర్చుని నా మొహంలోకి చూశాడు, తీయడం నేనే మర్చిపోయినట్టు. వాడికి ఎలా చెప్పను? కుక్కకి తాళం అంటే ఏం తెలుస్తుంది? అవతల హేజెల్ చెట్ల కింద తెల్లపూలు అప్పుడే విచ్చుకున్నాయి. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాయి.

ఇదంతా ఆ వెరిటీ పని. తోపు యజమాని క్రేక్ గారు నవంబరులో పోయాక ఆయన తమ్ముడి కూతురని బ్రిస్టల్ నుంచి ఊడిపడింది. వచ్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే తాళాలు. ఇరవైమూడేళ్లుగా ఒక్క రోజు మానకుండా నడిచాను నేను ఆ దారిన. జ్వరం వచ్చినా, మంచు కురిసినా. మొత్తం కలిపి తొమ్మిదెకరాలు లేదు ఆ తోపు. చుట్టి రావడానికి అరగంట. ఆ అరగంట లేకపోతే నా రోజుకి మొదలే ఉండదు.

ఈ ఏడు నారింజ తొక్కలు పాకంలో వేసి కాచే మార్మలేడ్ ఒక సీసా మిగిలింది. ఎందుకు మిగిలిందో నాకు తెలుసు. రాయక్కర్లేదు.

మార్చి 11

తాళం అలాగే ఉంది.

మార్చి 14, శుక్రవారం

ఊరి హాల్లో మీటింగు. నలభై మంది వచ్చారు. నెదర్‌విక్‌లో చర్చికి కూడా అంతమంది రారు. డెస్మండ్ యాప్ అధ్యక్షుడు. ఎవరూ ఎన్నుకోలేదు, తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు రోడ్లు కొలిచేవాడు. ఇప్పుడు కొలవడానికి రోడ్లు లేక మనుషుల్ని కొలుస్తుంటాడు.

"చట్టం చాలా తేలిక," అన్నాడు డెస్మండ్. "ఇరవై ఏళ్లు జనం ఒక దారిన నడిస్తే అది ఊరి దారి అయిపోతుంది. యజమాని ఎవరైనా సరే, తాళం తియ్యాల్సిందే. కాకపోతే మూడు షరతులు. దొంగచాటుగా నడిచి ఉండకూడదు. గేట్లు విరగ్గొట్టి నడిచి ఉండకూడదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. యజమాని అనుమతితో నడిచి ఉండకూడదు."

"అదేం చట్టమయ్యా? మర్యాదగా అడిగితే తప్పా?" అంది గ్లెనిస్. నా పక్కింటావిడ, నా స్నేహితురాలు.

"తప్పు కాదు గ్లెనిస్. కానీ అడిగామంటే ఆయన దయతో నడిచినట్టు. ఆయన దయైతే మన హక్కు కాదు. మన హక్కనుకుని దర్జాగా నడిచి ఉండాలి. ఇంతకీ ఇక్కడ ఎవరైనా, ఎప్పుడైనా, క్రేక్ గారిని అనుమతి అడగడం, అనుమతికి థాంక్స్ చెప్పడం, అలాంటిదేమైనా చేశారా?"

అందరూ టీ కప్పుల్లోకి చూసుకుంటున్నారు. నేను చేతిలో ఉన్న బిస్కెట్టు మీద గీతలు లెక్కపెట్టాను.

"మంచిది," అని డెస్మండ్ గబగబా కాయితం తిప్పేశాడు. "ఇక రెండో సంగతి. ఆ వెరిటీతో ఎవరూ మాట్లాడకండి. గుడ్ మార్నింగ్ కూడా వద్దు. మీ సంగతి నాకు తెలుసు. గుడ్ మార్నింగ్‌తో మొదలెడతారు, మాటలో మాటగా 'కాస్త మా కుక్కని తిప్పుకోవచ్చా అండీ' అని అడిగేస్తారు. అంతా మంట్లో కలుస్తుంది."

తర్వాత నన్ను లేచి నిలబడమన్నాడు. రోజూ, ఇరవైమూడేళ్లు, ఊళ్లో ఇంకెవరూ అంత నడవలేదట. నేనే మొదటి సాక్షిని. చప్పట్లు కొట్టారు.

మార్చి 15

మార్మలేడ్ అంటే మార్మలేడ్. అనుమతి కాదు. జనవరి నెలలో ఊళ్లో ప్రతివాళ్లూ ప్రతివాళ్లకీ మార్మలేడ్ ఇస్తారు. పోస్టు అబ్బాయికి కూడా ఇస్తాను. అంతమాత్రాన అతని బ్యాగులో నడిచే హక్కు కావాలని అడిగినట్టా?

మార్చి 16

సీసాతో పాటు కార్డు కూడా పెట్టేదాన్ని. శుభాకాంక్షలే రాసి ఉంటాను. ఇంకేం రాస్తాను?

మార్చి 22

రోజూ తారు రోడ్డు మీద నడక. కర్నల్‌కి రోడ్డు నచ్చలేదు. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి తోపు వైపు చూస్తాడు. ఇవాళ పాల లారీ మమ్మల్ని గోతిలోకి నెట్టినంత పని చేసింది. డ్రైవరు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను, మర్యాదగా కాదు.

మార్చి 28

గ్లెనిస్ ఇంట్లో భోజనం. వెనిగర్‌లో ఊరేసిన బీట్‌రూట్ పెట్టింది మళ్లీ. ముప్పై ఏళ్ల స్నేహంలో ఒక్కసారి కూడా అది నాకు పడదని చెప్పలేకపోయాను. ఎప్పటిలాగే ముక్కలు ఒక్కోటీ బల్ల కింద కర్నల్‌కి జారవిడిచాను. వాడి గడ్డం ఎర్రగా అయింది. గ్లెనిస్ చూడలేదు, లేక చూసీ ఊరుకుందేమో.

మెల్లగా కదిపాను. "ఏమే గ్లెనిస్, క్రిస్మస్‌కి నువ్వు క్రేక్ గారికి ఏమైనా పంపేదానివా?"

"నేనెందుకు పంపుతానే?" అని లేచి సింకు దగ్గరికి పోయింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

ఏప్రిల్ 2

జిల్లా ఆఫీసు ఫారం వచ్చింది. తొమ్మిది పేజీలు. ఎప్పటినుంచి నడిచారు, ఎంత తరచుగా, నడిచి గానీ గుర్రం మీద గానీ. గుర్రమట, నాకు. పదిహేడో ప్రశ్న: మీరు ఎప్పుడైనా యజమాని అనుమతి అడగడం గానీ, పొందడం గానీ, అందుకు కృతజ్ఞతలు తెలపడం గానీ జరిగిందా?

'లేదు' అని రాశాను. పెన్ను సాఫీగానే నడిచింది.

ఏప్రిల్ 3

పొద్దున్నే వెళ్లి చూసుకున్నాను. 'లేదు' అనే ఉంది. నా చేతిరాతే.

ఏప్రిల్ 5

ఫారం ఇంకా పోస్టు చెయ్యలేదు. స్టాంపులు అయిపోయాయి.

ఏప్రిల్ 6

స్టాంపులు దొరికాయి. ఇవాళ ఆదివారం.

ఏప్రిల్ 12

ఇవాళ చేసిన పని రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. అందుకే రాస్తున్నాను.

షాపులో నా వెనకే లైన్లో వచ్చి నిలబడింది వెరిటీ. నలభై ఐదుంటాయి. పొడుగ్గా, క్రేక్ గారి ముక్కుతో. షాపులో ఆరుగురం ఉన్నాం, ఆరుగురమూ పచ్చి బఠాణీల డబ్బాలు చదవడం మొదలెట్టాం.

"గుడ్ మార్నింగ్," అంది, నాతోనే.

కంగారులో వంగి కర్నల్‌తో "గుడ్ మార్నింగ్" అన్నాను. ఆ మనిషికి కాదు, కుక్కకి. వాడు తోక ఊపాడు. ఆవిడ ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసి, చేతిలో రొట్టె తిరిగి అరలో పెట్టేసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ బతికి ఉంటే నా చెవి మెలిపెట్టేది. డెబ్బై ఒకటో ఏట కూడా.

ఏప్రిల్ 19

గేటు దాకా వెళ్లి కమ్మీల మధ్య నుంచి చూశాను. నీలిగంట పూలు మొదలయ్యాయి. ఇంకో వారంలో నేలంతా నీలమే, ఆకు కూడా కనబడదు. వాసన ఇక్కడిదాకా వస్తోంది. పది రోజులు ఉంటాయి అవి. ఇరవైమూడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు నాకు.

సరే, ఇక దాచుకుని ఏం లాభం? ఈ పుస్తకం నేను తప్ప ఎవరు చదువుతారు?

మా ఆయన హెడ్లీని పాతిపెట్టిన మర్నాడు అప్పటి కుక్క బెస్‌ని పట్టుకుని ఎటు వెళ్తున్నానో తెలియకుండా నడిచాను. హాబ్ తోపులో పడిపోయి ఉన్న ఓక్ మాను మీద కూలబడి ఏడ్చాను. ముక్కు కారేట్టు, గొంతు పోయేట్టు ఏడ్చాను. తలెత్తితే పది గజాల్లో క్రేక్ గారు. ఆయన అడవి అది, నేను అడక్కుండా దూరినదాన్ని. ఆయన ఏమీ అనలేదు. టోపీ కాస్త పైకెత్తి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. బూటు చప్పుడు కూడా వినబడకుండా. ఎవరో ఒకరు వచ్చి 'ధైర్యం తెచ్చుకోండి' అనని గంట, ఆ వారం మొత్తానికి అదొక్కటే.

ఆ వారాంతానికి మార్మలేడ్ చేసి ఒక సీసా ఆయన గుమ్మంలో పెట్టాను. కార్డు మీద ఏం రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తే. 'తోపులో కూర్చోనిచ్చినందుకూ, ఏమీ అడగనందుకూ కృతజ్ఞతలు. మేవిస్ టోలీ, చర్చి సందు.'

తర్వాత ప్రతి జనవరీ ఒక సీసా, ఒక కార్డు. 'మరో ఏడాది తోపులో తిరగనిచ్చినందుకు కృతజ్ఞతలు.' మొదటిదానితో కలిపి ఇరవైమూడు సార్లు. ఆయన ఒక్కసారి కూడా జవాబివ్వలేదు. కనబడితే టోపీ ఎత్తేవారు, అంతే.

పదిహేడో ప్రశ్నకి నేను 'లేదు' అని రాశాను.

ఏప్రిల్ 23

ఆ కార్డులు వెరిటీకి దొరికితే? దొరికే ఉంటాయి. దొరకలేదేమో. పాత కార్డులు ఎవరు దాచుకుంటారు? క్రేక్ గారు పాత తాడు ముక్కలు కూడా దాచుకునే రకం.

ఏప్రిల్ 24, గురువారం

వెళ్లాను.

కార్డులు ఉన్నాయో లేవో తెలుసుకుని వచ్చేద్దామని బయల్దేరాను. మిగిలిపోయిన మార్మలేడ్ సీసా ఎందుకు పట్టుకెళ్లానో తెలియదు, వట్టి చేతులతో ఎవరి గుమ్మమూ ఎక్కలేను నేను. తలుపు తీసి నన్ను చూసి, కింద కర్నల్‌ని చూసింది.

"గుడ్ మార్నింగ్ చెప్పించుకునేవాడు వీడేగా?" అంది.

"వీడే. నేను వాడి తరఫున, నా తరఫున కూడా క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

సీసా చేతికిచ్చాను. దాని మీద నా లేబులు చూసి ఆమె మొహం మారిపోయింది. "అయితే మీరేనా మేవిస్ టోలీ," అంది. "రండి, మీకొకటి చూపించాలి."

సెల్లార్ మెట్లు దిగుతుంటే ముందు తను, వెనక నేను, నా వెనక కర్నల్. దీపం వేసింది.

గోడకి పొడుగాటి అర. అర మీద నా సీసాలు. ఇరవైమూడూ వరసగా, ఏడాది ప్రకారం, దుమ్ము తుడిచి. ఒక్కటి కూడా మూత తియ్యలేదు. ఒక్కో సీసా కింద దాని కార్డు.

"ఇదేమిటి?" అన్నాను. "ఒక్కటీ తినలేదా ఆయన?"

వెరిటీ ఇబ్బందిగా కాలు మార్చింది. "మా పెదనాన్నకి నారింజ పడదండీ. చిన్నప్పటినుంచీ. వాసన చూస్తేనే లేచి వెళ్లిపోయేవాడు."

"మరి చెప్పొచ్చు కదా ఒక్క మాట."

"ఎలా చెప్తాడు? ఒకసారి నేనే అడిగాను, ఇవన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చుగా అని. 'ఆవిడ నాకోసం చేసింది, ఇంకొకరికి ఎలా ఇస్తానే' అన్నాడు. చెబితే మీరు నొచ్చుకుంటారని ఇరవైమూడేళ్లు దాచాడు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడుపు ముందొచ్చింది, అది ఆపుకోలేదు. వెరిటీ వెంటనే అటు తిరిగి ఏవో పెట్టెలు సర్దుతున్నట్టు నిలబడింది. ఆ పెట్టెలు సర్దే ఉన్నాయి.

కళ్లు తుడుచుకున్నాక మిగతా అరలు కనబడ్డాయి. ఇంట్లో పళ్లు వేసి ఊరబెట్టిన జిన్ మద్యం సీసాలు పద్దెనిమిది. వాటి కింద కార్డులు, రోడ్డు మీద గీతలు గీసినట్టు నిటారు అక్షరాలు: 'మీ సౌజన్యపూర్వక అనుమతికి కృతజ్ఞతలతో, డి. యాప్.' పక్కన ఆకుపచ్చ ఉన్ని మేజోళ్లు, కట్టలు కట్టలు.

"అవి పెదనాన్న బొటనవేలికి కూడా పట్టవు," అంది వెరిటీ. "ఎవరో గ్లెనిస్ అట."

ఇంకా కేకుల డబ్బాలు, తేనె, మఫ్లర్లు, చర్చి వాళ్ల క్యాలెండర్లు. ఊరు ఊరంతా ఆ అరల మీద ఉంది. ఒక్కొక్కరూ విడివిడిగా, పక్కింటికి తెలియకుండా, అడుగుతూ, థాంక్స్ చెబుతూ. నెదర్‌విక్‌లో హక్కుగా నడిచినవాడు ఒక్కడు లేడు. కర్నల్ ఒక్కడే.

పైకొచ్చాక టీ ఇచ్చింది. నేను అడగకుండానే చెప్పింది. మార్చిలో గాలివానకి తెగులు పట్టిన యాష్ చెట్టు కొమ్మ ఒకటి దారికడ్డంగా పడిందట. మనుషుల మీద పడకూడదని తాళం వేసి, మూడు వారాల్లో తీస్తానని, తన ఫోను నంబరుతో కాయితం అంటించిందట. కాయితం గాలికి పోయింది. మళ్లీ అంటిద్దామనుకునేలోపు డెస్మండ్ ఉత్తరం వచ్చింది, పన్నెండు అంశాలు, అంశానికో నంబరు.

"చెట్లు కొట్టేవాళ్లు మార్చి ముప్పైకే పని ముగించారు," అంది. "తాళం తీసేద్దామని గేటు దాకా వెళ్లాను కూడా. అప్పటికి నేను షాపుకెళ్తే నోరు విప్పే దిక్కు లేదు. నాకూ ఒళ్లు మండింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి అడిగితే తీద్దాం అనుకున్నాను. ఎవరూ రాలేదు."

"అడిగితే మా హక్కు పోతుంది."

"ఏం హక్కు?" అని సెల్లార్ మెట్ల వైపు చూసింది. ఇద్దరం నవ్వడం మొదలెట్టాం. చాలాసేపు ఆగలేదు.

నవ్వాగాక కప్పు కింద పెట్టాను. డెస్మండ్ మొహం కళ్ల ముందు కదిలింది, నలభై మంది చప్పట్లు వినబడ్డాయి. ఆ సెల్లార్‌లో ఏమున్నా ఆఫీసువాళ్లకి ఇంకా తెలియదు. నేను నోరు మూసుకుని ఇంటికెళ్తే కేసు ఇంకా బతికే ఉంటుంది. మొదటి సాక్షి అడిగిందంటే చచ్చినట్టే.

"వెరిటీ," అన్నాను. "నీలిగంట పూలు వచ్చాయి. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి నేనూ మా కుక్కా మీ తోపులోకి రావచ్చా?"

"తప్పకుండా రండి మిసెస్ టోలీ," అంది. లేచి మేకుకి ఉన్న తాళం చెవి తీసి నా అరచేతిలో పెట్టింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

పొద్దున: తోపు. రాయడానికి మాటల్లేవు. కర్నల్ ప్రతి చెట్టుకీ విడివిడిగా హాజరు వేయించుకున్నాడు. ఓక్ మాను మీద కూర్చున్నాను. నేలంతా నీలం.

సాయంత్రం: హాల్లో మీటింగు. ఫారాలు అప్పజెప్పే రోజు, నాది నేను చివరికి పోస్టు చెయ్యనేలేదు. డెస్మండ్ కట్ట కట్టుకుని కూర్చున్నాడు. నా పేరు ముందు పిలిచాడు.

లేచాను. పదిహేడో ప్రశ్నకి 'లేదు' కొట్టేసి, 'ఇరవైమూడు సార్లు' అని దిద్దానని చెప్పాను. మార్మలేడ్ సంగతి చెప్పాను. నిన్న వెళ్లి అడిగి, ఇవాళ పొద్దున తోపులో తిరిగి వచ్చానని కూడా చెప్పాను. మిగతా అరల సంగతి చెప్పలేదు. అది నా నోటితో చెప్పాల్సింది కాదు. డెస్మండ్ కళ్లలోకి మాత్రం చూశాను.

ఆయన ఎర్రబడ్డాడు. "మేవిస్, మీరేం చేశారో మీకు అర్థమవుతోందా? నెలన్నర కష్టం. ఊరందరి దారి. ఒక్క జామ్ సీసాకి తాకట్టు పెట్టేశారు."

"జామ్ కాదు, మార్మలేడ్. జిన్ కూడా కాదు," అన్నాను.

డెస్మండ్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

అప్పుడు నా పక్కన కుర్చీ కిర్రుమంది. గ్లెనిస్ లేచింది.

"మేజోళ్లు," అంది. "ఏడాదికో జత. ఆకుపచ్చవి."

వెనక వరసలోంచి ఎవరో "తేనె" అన్నారు. "ఫ్రూట్ కేకు," అన్నారు ఇంకొకరు. "నేను నేరుగా వెళ్లి అడిగేవాణ్ణి, ఈస్టర్‌కి ముందు," అన్నాడు చర్చి గంట కొట్టే ఆయన. ఒక్కొక్కరే లేచారు. ప్రతివాళ్లూ తామొక్కరే అనుకున్నారు. నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు గానీ, ఆఖరికి డెస్మండ్ దగ్గరికి చేరింది. ఆయన చాలాసేపు ఫారాల కట్ట సవరించుకున్నాడు.

"పద్దెనిమిది సీసాలు," అన్నాడు చివరికి. "మంచి జిన్ అది. కనీసం తాగాడా ఆయన?"

"ఒక్క చుక్క ముట్టలేదు," అన్నాను. "మూతలు కూడా తియ్యలేదు."

ఈ పద్దెనిమిదేళ్లలో డెస్మండ్ అంత ఆశగా ఎవరివైపూ చూసి ఉండడు.

ఏప్రిల్ 27

షాపులో వెరిటీకి పదకొండు గుడ్ మార్నింగులు. పాపం, రొట్టె కొనుక్కోవడానికి ముప్పావు గంట పట్టింది.

మే 4, ఆదివారం

తోపులో అందరం. వెరిటీ సెల్లార్ మొత్తం బండి మీద తెచ్చి ఓక్ మాను చుట్టూ పరిచింది. మొదటి సీసా మూత తియ్యడానికి ఇద్దరు మగవాళ్లు కావలసి వచ్చారు. మార్మలేడ్ నల్లగా తారులా ఉంది, కానీ రుచి, నేను చెప్పకూడదు గానీ, అమృతం. జిన్ గురించి డెస్మండ్‌ని అడగాలి. సాయంత్రానికి ఆయన చెట్లని కొలుస్తూ కనబడ్డాడు.

వెరిటీ ఓ కాయితం చదివింది. దారిని ఊరి పేర రాసిచ్చేస్తోందట, ఎప్పటికీ, చట్టప్రకారం. ఇక ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. "దయ కాదు ఇది," అంది. "నా సెల్లార్‌లో ఇంకో ఇరవై ఏళ్ల సామాను పట్టదు."

తను ఇంట్లో చేసింది కూడా ఓ సీసా తెచ్చింది. బీట్‌రూట్, వెనిగర్‌లో ఊరేసింది. నా పళ్లెంలో మూడు ముక్కలు వేసి నిలబడి చూసింది. కర్నల్ ఎక్కడో కుందేళ్ల వెంట పోయాడు, అవసరానికి ఉండడు వెధవ. మూడూ నమిలి మింగాను.

"చాలా బాగుంది," అన్నాను.

"నిజంగా?" అంది. మొహం వెలిగిపోయింది.

మే 16

నీలిగంటలు అయిపోయాయి. అడవి వెల్లుల్లి వాసన మొదలైంది. తాళం చెవి తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమంది. తాళమే లేనప్పుడు చెవి దేనికో. ఈ పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను.

ఆగస్టు 3

ఏమీ లేదు. తోపు. వాన. తోపు.

నవంబరు 17, సోమవారం

క్రేక్ గారు పోయి ఏడాది.

ఎనిమిదిన్నరకి తోపుకి వెళ్లాను. ఆకులన్నీ రాలిపోయి దూరం నుంచే కనబడింది. ఓక్ మాను మీద వెరిటీ. మోకాళ్ల మీద మోచేతులు, చేతుల్లో మొహం. భుజాలు కదులుతున్నాయి. నాకు పది గజాల్లో.

దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. ధైర్యం తెచ్చుకో తల్లీ అనాలనిపించింది. కాలు ముందుకు పడింది కూడా. కర్నల్ తోక కొట్టిన చప్పుడుకి తను తలెత్తింది. ముక్కు ఎర్రగా, ఆయన ముక్కే.

ఉన్ని టోపీ అంచు రెండు వేళ్లతో పట్టుకుని కాస్త పైకెత్తాను. కర్నల్ పట్టీ లాగి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. తడి ఆకుల మీద బూట్లు చప్పుడు కాకుండా నడవడం ఎంత కష్టమో ఇవాళే తెలిసింది. ఆయన ఎలా నడిచారో.

ఇవాళ నడక రోడ్డు మీదే.

నవంబరు 18

పొద్దున గుమ్మంలో సీసా. దాని కింద కార్డు: 'ఏమీ అడగనందుకు కృతజ్ఞతలు. వెరిటీ.'

సీసా నిండా బీట్‌రూట్. 'మీకిష్టమని' అని చిన్న అక్షరాలతో లేబులు మీద.

ఏడాది రాసి పై అరలో పెట్టాను. కార్డు దాని కింద. పక్కన బోలెడు చోటు ఉంది.